ప్రొస్టేట్‌కి చిన్న చికిత్స: పోల్చాల్సింది ఆపరేషన్‌తో కాదు, మాత్రలతో

"మాత్రలు పనిచేసినన్నాళ్లు వాడదాం. పనిచేయకపోతే అప్పుడు ఆపరేషన్ సంగతి చూద్దాం." మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగి మూత్రానికి ఇబ్బంది పడే మగవాళ్లలో చాలామంది డాక్టరు దగ్గర వినే మాట ఇదే. వినడానికి సబబుగానే ఉంటుంది. తొందర లేదు, భయపెట్టడం లేదు. కానీ మాత్ర పనిచేస్తోందో లేదో దేన్నిబట్టి తేల్చాలో ఇందులో లేదు. మాత్రకీ ఆపరేషన్‌కీ మధ్య ఇంకో మెట్టు ఉందన్న సంగతి అసలే లేదు.

ఆ మధ్య మెట్టు మీదున్నవి యూరోలిఫ్ట్, రెజూమ్, ఐటిండ్, ప్రొస్టేట్ రక్తనాళాలను మూసేసే ఎంబొలైజేషన్. వీటి గురించి రాసేవాళ్లంతా మూత్రనాళం గుండా వెళ్లి పెరిగిన ప్రొస్టేట్‌ను ముక్కలుగా కోసి తీసే టీయూఆర్‌పీ ఆపరేషన్ పక్కన నిలబెట్టి కొలుస్తారు. ఆ కొలతలో ఇవి ప్రతిసారీ ఓడిపోతాయి. ధార అంతగా పెరగదు, కొన్నేళ్లకు మళ్లీ చికిత్స కావాల్సి వచ్చేవాళ్లూ ఎక్కువే. దాంతో ఆపరేషన్‌కి భయపడేవాళ్లు సరిపెట్టుకునే రెండో రకం సరుకు అన్న ముద్ర పడిపోయింది. నా అభిప్రాయంలో ఇక్కడ పోలికే తప్పు. వీటిని పోల్చాల్సింది పదేళ్లపాటు మింగే మాత్రలతో. అలా పోలిస్తే తీర్పు చాలామంది విషయంలో తిరగబడుతుంది. అందరి విషయంలోనూ కాదు, అది కింద చెబుతాను.

మాత్రలు ఏం చేస్తాయి, ఏం చేయవు

టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు, సిలోడోసిన్, అల్ఫుజోసిన్ ఒక కోవ. మూత్రాశయం మెడ దగ్గర, ప్రొస్టేట్ లోపల ఉన్న మెత్తని కండరాన్ని ఇవి వదులు చేస్తాయి. కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. గ్రంథి పరిమాణం మాత్రం ఇసుమంత కూడా తగ్గదు. ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ రెండో కోవ. ఇవి గ్రంథిని నిజంగానే కుదిస్తాయి, సుమారు నాలుగో వంతు వరకూ. అందుకు ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. రెండూ కలిపి వాడితే జబ్బు ముదిరే ప్రమాదం 66 శాతం తగ్గుతుందని 2003లో వెలువడిన ఎంటాప్స్ అధ్యయనం మూడు వేలమందికి పైగా రోగుల్లో చూపించింది. మాత్రలు దండగ అనేవాళ్లకు ఇది గట్టి జవాబు. నేను కూడా దండగ అనను.

అయితే వాటి మూల్యం గురించి మాట్లాడేది తక్కువ. రాత్రి మూత్రానికని లేచి నిలబడగానే కళ్లు తిరగడం ఒకటి. బీపీ మందులు కూడా వాడే 70 ఏళ్ల మనిషికి ఆ ఒక్క తూలు తుంటి ఎముక విరగడానికి చాలు. సిలోడోసిన్‌తో చాలామందికి స్ఖలనంలో వీర్యం బయటికి రావడం ఆగిపోతుంది. ఫినాస్టెరైడ్ రకంతో కొందరికి కోరిక, పటుత్వం రెండూ తగ్గుతాయి. అంటే ఆపరేషన్ వద్దనుకున్నది దేనికోసమో, దాన్నే కొందరు మాత్రల్లో పోగొట్టుకుంటున్నారు. కంటి శుక్లాల ఆపరేషన్‌లో కంటిపాప చుట్టూ ఉండే పొర వదులై కత్తెరలకు అడ్డం పడటం టామ్సులోసిన్ వాడినవాళ్లలో బాగా తెలిసిన చిక్కు. ముందు రోజు మాత్ర ఆపేసినంత మాత్రాన అది పోదు. కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. ప్రొస్టేట్ క్యాన్సర్ అనుమానం కోసం రక్తంలో చూసే పీఎస్‌ఏ అంకెను ఫినాస్టెరైడ్ దాదాపు సగానికి దించుతుంది. రిపోర్టులో 3 అని కనిపిస్తే దాన్ని 6గా చదవాలి. ఈ మందు వాడుతున్న సంగతి తెలియని మరో డాక్టరు ఆ 3ని చూసి బాగుందని పంపేస్తే, క్యాన్సర్ వెతకాల్సిన మనిషి ఇంటికి వెళ్లిపోతాడు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మూత్రాశయం. దారి ఇరుకైనప్పుడు అది ఎక్కువ ఒత్తిడితో నెడుతుంది. గోడ మందమవుతుంది, లోపల దూలాల్లా కండరపు కట్టలు తేలతాయి, వాటి మధ్య బలహీనమైన చోట సంచులు పడతాయి, ఖాళీ కాకుండా మిగిలిన మూత్రంలో రాళ్లు చేరతాయి. చివరికి కండరం అలసిపోతుంది. ఆ దశకు వచ్చాక ఎంత గొప్ప సర్జన్ దారి తెరిచినా నెట్టే శక్తి తిరిగి వస్తుందన్న హామీ లేదు. ఈ మార్పు నొప్పి లేకుండా, నిదానంగా జరుగుతుంది. మాత్రతో ఇబ్బంది కాస్త తగ్గిన మనిషికి తెలియను కూడా తెలియదు. అందుకే "ఎలా ఉంది?" అని అడిగి "పర్వాలేదు" అనిపించుకుని అదే చీటీని మళ్లీ రాసిచ్చే పద్ధతి నాకు ససేమిరా నచ్చదు. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడటానికి పట్టేది కొద్ది నిమిషాలు.

లోపల జరిగేది ఏమిటి

యూరోలిఫ్ట్‌లో కోయడం, కాల్చడం ఉండవు. మూత్రనాళంలోంచి పరికరాన్ని పంపి, దాని కొనతో ప్రొస్టేట్ పక్క భాగాన్ని బయటికి నొక్కుతారు. అలా నొక్కిపెట్టి సూదిని గ్రంథి గుండా బయటి పొర దాకా పోనిస్తారు. అక్కడ నిటినాల్ లోహపు చిన్న బిళ్ల నిలుస్తుంది, మూత్రనాళం వైపు స్టీలు ముక్క నిలుస్తుంది, రెంటి మధ్య బిగువుగా పాలియెస్టర్ దారం. ఇలాంటివి మామూలుగా నాలుగు నుంచి ఆరు. మొదటి జత మూత్రాశయం మెడ నుంచి సుమారు 1.5 సెంటీమీటర్లు ఇవతల పడాలి. ఈ దూరమే ప్రాణం. ఉత్సాహంగా మెడకు మరీ దగ్గర్లో వేస్తే లోహపు కొన మూత్రాశయంలోకి పొడుచుకొస్తుంది. ఎప్పుడూ మూత్రంలో నానుతూ దాని మీద సున్నం పేరుకుని రాయి కడుతుంది. అప్పుడు రోగికి మంట, రక్తం, మాటిమాటికీ ఇన్ఫెక్షన్. పరికరం లోపమని రాసే కొన్ని ఫిర్యాదుల వెనక ఉన్నది నిజానికి ఈ సెంటీమీటరు లెక్క.

రెజూమ్ వేరే దారి. రేడియో తరంగాలతో నీటిని ఆవిరి చేసి, చిన్న సూది ద్వారా 103 డిగ్రీల ఆవిరిని గ్రంథిలోకి 9 సెకన్లపాటు వదులుతారు. ఒక్కో పోటుకు వాడే నీరు అర మిల్లీలీటరు లోపే. ఆవిరి కణాల సందుల్లోంచి పాకి, చల్లబడి నీరయ్యేటప్పుడు తనలోని వేడినంతా అక్కడే వదిలేస్తుంది. అక్కడి కణాలు చనిపోతాయి. పెరిగిన భాగానికీ గ్రంథి వెలుపలి మండలానికీ మధ్య ఉన్న పొరను ఆవిరి దాటదు. పటుత్వానికి కావలసిన నరాలు క్షేమంగా ఉండటానికి కారణం అదే. మెడ నుంచి సెంటీమీటరు ఇవతల మొదలుపెట్టి, సెంటీమీటరుకు ఒకటి చొప్పున వెరుమాంటానం అనే బుడిపె రాకముందే ఆపేస్తారు. అది దాటితే మూత్రాన్ని పట్టి ఉంచే కండరం ఉంటుంది.

ఇక్కడ రోగికి స్పష్టంగా చెప్పకపోతే జరిగేది నిరాశే. చనిపోయిన కణజాలాన్ని శరీరం కరిగించుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోపు గ్రంథి వాస్తుంది. కాబట్టి రెజూమ్ తర్వాత మొదటి రెండు మూడు వారాలు ముందుకంటే హీనంగా ఉండొచ్చు: మంట, ఆగని తొందర, రక్తపు చారికలు. యూరిన్ పైపు 3 నుంచి 7 రోజులు ఉంచడం మామూలు. పెద్ద గ్రంథికీ ఎక్కువ పోట్లకూ ఇంకా ఎక్కువ రోజులు. పైపు తీశాక మూత్రం రాక మళ్లీ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అది చికిత్స విఫలమైనట్టు కాదు, వాపు ఇంకా దిగలేదని అర్థం. ఫలితం ఎంతో 3 నెలలకు గానీ తేలదు. రెండో వారంలోనే "డబ్బు పోయింది, బాధ మిగిలింది" అని తీర్మానించుకున్న మనిషికి ముందు ఈ లెక్క ఎవరో చెప్పి ఉండరు.

ఐటిండ్ గురించి తక్కువే చెప్పాలి. ముడుచుకునే లోహపు తీగల చట్రాన్ని లోపల పెట్టి 5 నుంచి 7 రోజుల తర్వాత తీసేస్తారు. ఆ రోజుల్లో అది మూడు చోట్ల నొక్కి, రక్తం అందకుండా చేసి, గాడులు పడేలా చేస్తుంది. లోపల ఏదీ మిగలదు.

ఎంబొలైజేషన్ యూరాలజిస్టు పని కాదు, ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు పని. గజ్జలోంచో మణికట్టులోంచో సన్నని గొట్టాన్ని ప్రొస్టేట్ ధమనుల దాకా నడిపి, మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం దాకా ఉండే పూసలతో మూసేస్తారు. మూత్రనాళంలోకి ఏదీ వెళ్లదు. గ్రంథి చాలా పెద్దదైనా చేయొచ్చు. రక్తం పల్చబరిచే మందు ఆపలేని గుండె రోగికి ఇదొక దారి. కష్టమంతా ఆ ధమనుల్లోనే. ముసలితనంలో అవి మెలికలు తిరిగి, గట్టిపడి ఉంటాయి. ఒక్కోసారి ఒక వైపే చేయగలుగుతారు. ప్రొస్టేట్‌కి వెళ్లే కొమ్మ పక్కనే మూత్రాశయానికీ పురీషనాళానికీ పురుషాంగానికీ వెళ్లే కొమ్మలుంటాయి. పూసలు దారి తప్పితే అక్కడ పుండ్లు పడతాయి. కాబట్టి ఇందులో యంత్రం కంటే చేసే మనిషి అనుభవం ముఖ్యం. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018లో దీన్ని మామూలు వాడకానికి అనుమతిస్తూ, రోగిని ఎంచడంలో యూరాలజిస్టు, రేడియాలజిస్టు ఇద్దరూ ఉండాలని చెప్పింది సరిగ్గా ఈ కారణంతోనే.

అంకెల దగ్గర ఆగి చూస్తే

మూత్ర లక్షణాలను కొలిచే ఐపీఎస్ఎస్ పట్టికలో 7 ప్రశ్నలు, మొత్తం 35 మార్కులు. 7 దాకా స్వల్పం, 8 నుంచి 19 మధ్యస్థం, 20, ఆపైన తీవ్రం. టామ్సులోసిన్ రకం మాత్రలు సాధారణంగా 4 నుంచి 6 మార్కులు తగ్గిస్తాయి. టీయూఆర్‌పీ 15 దాకా తగ్గిస్తుంది. యూరోలిఫ్ట్, రెజూమ్‌లకు అనుమతి కోసం రోగుల మీద చేసిన పరీక్షల్లో 3 నెలలకు తగ్గినవి సుమారు 11. సరిగ్గా మాత్రకీ ఆపరేషన్‌కీ మధ్యన.

కానీ ఈ 11ని అలాగే మింగేయకూడదు. ఆ పరీక్షల్లో కొందరికి ఉత్తుత్తి చికిత్స చేశారు: తెర అడ్డం పెట్టి, లోపలికి కెమెరా గొట్టం పంపి, యంత్రం చప్పుళ్లు వినిపించి ఏమీ చేయకుండా తీసేశారు. వాళ్లకూ యూరోలిఫ్ట్ పరీక్షలో 5.9, రెజూమ్ పరీక్షలో 4.3 మార్కులు తగ్గాయి. అంటే చికిత్స సొంతంగా సంపాదించింది యూరోలిఫ్ట్‌లో 5, రెజూమ్‌లో 7 మార్కులు. దీన్ని చూపించి "సగం భ్రమే కదా" అనేవాళ్లున్నారు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. కానీ అదే కత్తెర మాత్రలకూ వేయాలి. మాత్ర తగ్గించే 4 నుంచి 6 మార్కుల్లో మందు లేని ఉత్తి మాత్ర వాటా తీసేస్తే మిగిలేది రెండు మూడు. మూడు మార్కులు తగ్గితే గానీ మనిషికి తేడా తెలియదని అంటారు. ఆ లెక్కన మాత్ర గడప మీద నిలబడి ఉంది, ఇవి గడప దాటాయి.

5 ఏళ్ల తర్వాత? యూరోలిఫ్ట్ చేయించుకున్నవాళ్లలో 13.6 శాతం మందికి మళ్లీ ఏదో ఒక ప్రక్రియ అవసరమైంది. రెజూమ్‌లో 4.4 శాతం, మరో 11 శాతం మంది మళ్లీ మాత్రలకు వెళ్లారు. టీయూఆర్‌పీలో మళ్లీ చేయాల్సి రావడం ఏడాదికి ఒకటి రెండు శాతం. స్ఖలనం సంగతికొస్తే టీయూఆర్‌పీ తర్వాత దాదాపు మూడింట రెండు వంతుల మందిలో వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్లిపోతుంది. యూరోలిఫ్ట్ పరీక్షలో అలా నిలిచిపోయిన నష్టం కనబడలేదు. రెజూమ్‌లో కొద్దిమందికి వీర్యం తగ్గింది.

నన్ను నిజంగా వెనక్కి లాగే సందేహం ఇంకొకటి. మైక్రోవేవ్ వేడితో చేసే చికిత్స, సూదులతో కాల్చే ట్యూనా 1990లలో ఇంతే ఆశతో వచ్చాయి. అవీ చిన్నవే, మత్తు తక్కువే, మొదటి ఏడాది ఫలితాలు బాగానే ఉన్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ చికిత్సకు వచ్చేవాళ్ల వరుస పెరిగింది. ట్యూనాని ఇప్పుడు అమెరికన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు సిఫారసు చేయవు. ఇవాళ్టి పద్ధతులకు అదే గతి పట్టదని నమ్మకం ఏమిటి? 5 ఏళ్ల లెక్కలున్నాయి నిజమే, కానీ ఆ లెక్కలు 30 నుంచి 80 మిల్లీలీటర్ల గ్రంథి ఉన్న, మూత్రం పూర్తిగా బిగుసుకుపోని, ఏరికోరి తీసుకున్న రోగులవి. ఐదో ఏటికి పరీక్షకు తిరిగి వచ్చినవాళ్లూ మొదట్లో ఉన్నంతమంది కారు.

నా సమాధానం ఇది. శాశ్వత పరిష్కారంగా అమ్మితే ఈ సందేహం దాన్ని కూల్చేస్తుంది. 55 ఏళ్ల మనిషికి ఐదారేళ్లో ఎనిమిదేళ్లో మాత్ర లేకుండా, స్ఖలనం పోకుండా, మూత్రాశయం మీద భారం తగ్గించి ఇచ్చే గడువుగా చూస్తే నిలబడుతుంది. తర్వాత కావాలంటే టీయూఆర్‌పీ, లేజర్‌తో గ్రంథి లోపలి భాగాన్ని ఒలిచి తీసే హోలెప్ రెండూ చేయొచ్చు. తలుపు మూసుకోదు. యూరోలిఫ్ట్ లోహపు ముక్కలు హోలెప్‌లో కణజాలాన్ని తరిగే యంత్రపు బ్లేడ్లకు అడ్డం పడతాయి కాబట్టి సర్జన్‌కు ముందే చెప్పాలి, అంతే. భార్యాభర్తలు ఇంకా పిల్లల్ని కోరుకుంటున్న సందర్భంలో ఈ గడువు విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

ముందే చేయించుకుంటే మూత్రాశయాన్ని కాపాడుతుందన్నది నా వాదనలో బలహీనమైన భాగమని ఒప్పుకుంటాను. ఇరుకు తీస్తే ఒత్తిడి తగ్గుతుందన్నది శరీరధర్మం. తొందరగా చేయించుకున్నవాళ్ల మూత్రాశయం పదిహేనేళ్లకు మెరుగ్గా ఉందని నేరుగా చూపే పరీక్ష వేరు. మొదటిదాన్ని పట్టుకుని రెండోదాన్ని నిరూపితమని చెప్పడం అతి అవుతుంది.

ఎవరికి వద్దు

గ్రంథి ఆకారం ముందు చూడాలి. ప్రొస్టేట్ మధ్య భాగం మూత్రాశయంలోకి పొడుచుకొచ్చి, మూత్రం పోసేటప్పుడు బంతిలా ద్వారానికి అడ్డం పడే రకం ఉంది. పక్క భాగాలను లాగి కట్టే యూరోలిఫ్ట్ అక్కడ కష్టం, ఐటిండ్ పనికిరాదు. రెజూమ్ అయితే ఆ భాగంలోకి కూడా ఆవిరి ఎక్కించొచ్చు. ఇది బయటి స్కాన్‌లో ఒక్కోసారి తప్పిపోతుంది. లోపలికి కెమెరాతో చూడకుండా యూరోలిఫ్ట్ తేదీ ఇచ్చే చోట నేనైతే రెండో అభిప్రాయం అడగమంటాను. గ్రంథి 100 మిల్లీలీటర్లు దాటిపోయి ఎంబొలైజేషన్‌కి కూడా వీలుకానివాళ్లకు, మూత్రాశయంలో రాళ్లున్నవాళ్లకు, కిడ్నీలు ఉబ్బి క్రియాటినిన్ పెరిగినవాళ్లకు ఈ చిన్న చికిత్సల చుట్టూ తిరగడం కాలయాపన. వాళ్లకు దారి పూర్తిగా తెరవాలి.

చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లు, పార్కిన్‌సన్స్ ఉన్నవాళ్లు, మూత్రం బాగా మిగిలిపోతున్నవాళ్లు యూరోడైనమిక్స్ పరీక్ష చేయించుకోవాలి. ధార సన్నగా ఉండటానికి కారణం ఇరుకా, నెట్టే బలం లేకపోవడమా అన్నది ఆ ఒత్తిడి కొలతే చెబుతుంది. ధార పరీక్షలో కనీసం 150 మిల్లీలీటర్లు పోయకపోతే వచ్చిన అంకెను నమ్మకూడదు. ఆస్పత్రిలో కంగారుగా 60 మిల్లీలీటర్లు పోసి "సెకనుకు 7 మిల్లీలీటర్లు" అని రిపోర్టు తెచ్చుకున్న మనిషికి నిజంగా ఇరుకు ఉందని అది రుజువు చేయదు.

ఇంకో పెద్ద పొరపాటు రాత్రి మూత్రం విషయంలో. ఒక్క రాత్రి నాలుగుసార్లు లేవడమే ముఖ్య బాధగా వచ్చేవాళ్లకు ముందు 3 రోజులపాటు ఎప్పుడు ఎంత పోశారో కొలిచి రాయించాలి. పెద్ద వయసువాళ్లలో 24 గంటల మూత్రంలో మూడో వంతుకు మించి రాత్రే వస్తుంటే, తప్పు ఉన్నది ప్రొస్టేట్‌లో కాదు. కాళ్ల వాపు, గుండె, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, సాయంత్రం వేసుకునే మందులు చూడాలి. అలాంటి మనిషికి రెజూమ్ చేసినా, టీయూఆర్‌పీ చేసినా నాలుగుసార్లు నాలుగుసార్లుగానే ఉంటాయి.

టీయూఆర్‌పీలో తీసిన ముక్కలు ల్యాబ్‌కు వెళ్తాయి, ఒక్కోసారి అనుకోని క్యాన్సర్ అక్కడ బయటపడుతుంది. చిన్న చికిత్సల్లో పరీక్షకు ముక్క మిగలదు. అందుకే పీఎస్‌ఏ, వేలితో పరీక్ష, అనుమానం ఉంటే ఎంఆర్‌ఐ ముందే తేల్చుకోవాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే కల్చర్ చేసి తగ్గించాకే లోపలికి పరికరం వెళ్లాలి. తర్వాత చలితో జ్వరం వచ్చినా, గడ్డలుగా రక్తం పడినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా మర్నాటి దాకా ఆగకూడదు.

మాత్ర మొదలుపెట్టిన రోజే నాలుగు అంకెలు రాసిపెట్టుకోవాలి: పట్టికలో వచ్చిన మార్కు, ధార వేగం, లోపల మిగిలిన మూత్రం, గ్రంథి పరిమాణం. ఆరు నెలలకు మళ్లీ అవే. మార్కు తగ్గి, మిగిలే మూత్రం కూడా తగ్గితే మాత్ర తన పని చేస్తోంది, కొనసాగించాలి. మార్కు తగ్గినా లోపల మిగిలేది 80 నుంచి 180 మిల్లీలీటర్లకు పెరిగితే, మనిషి ఎంత హాయిగా ఉందంటున్నా, యూరోలిఫ్ట్, రెజూమ్, ఎంబొలైజేషన్, టీయూఆర్‌పీ అన్నీ బల్ల మీద పెట్టి మాట్లాడాల్సింది ఆ రోజే. మాత్ర మార్చి ఇంకో ఏడాది చీటీ రాసే రోజు కాదది.